విరుదునగర్‌లో బర్మా అంగడి

మా కారియాపట్టి నుంచి మల్లాంకిణరు మీదుగా బస్సులో పోతే విరుదునగర్ వస్తుంది. అక్కడ నూనె పరోటాకు పేరు పడిన అంగళ్ళలో ఒకటి 'బర్మా కడై'. పరోటాను వెడల్పాటి పెనంలో నూనె పోసి వేయించుతారు. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. పిచ్చి, దాని మీద సాల్నా పోసుకొని తింటాము.

పోయిన సెలవుల్లో మా తాతతో అక్కడికి పోయినాను. "తాతా, మన ఊరి పరోటాకి బర్మా పేరెందుకు?" అని అడిగినాను. తాత కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "బర్మా నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన అంగడి అని చెప్తారు రా. నేనూ అక్కడి నుంచి వచ్చినవాణ్ణే" అన్నారు. ఈ సంగతి నాకు అంతవరకు తెలియదు.

బ్రిటిషువారి కాలంలో బర్మా మన దేశంతో కలిసి ఉండేది. 1937లో వేరుపడింది. అంతకుముందూ ఆ తర్వాతా తమిళులు, తెలుగువాళ్ళు వ్యాపారానికీ కూలిపనికీ ఓడలెక్కి రంగూన్ పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి చాలామంది పోయినందువల్ల అక్కడి తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అనే పేరే వచ్చింది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువ.

1942లో జపాను సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. లక్షలమంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినారు. దారిలో ఎందరో చనిపోయినారు. బర్మా బియ్యం రావడం కూడా ఆగిపోయింది. బియ్యానికి కరువు వచ్చిన ఆ రోజుల్లోనే గోధుమ తిండి మన పక్క పెరిగింది. బర్మా పోగొట్టుకున్నవాళ్ళ కథ, మన పళ్ళెంలోకి పరోటా వచ్చిన కథ పక్కపక్కనే నడిచినాయని నాకు అనిపించింది.

1962లో నే విన్ అనే సేనాపతి అధికారం పట్టుకున్నాడు. అంగళ్ళు, వ్యాపారాలు సర్కారు తీసుకుంది. 1964 మే నెలలో 50, 100 చాట్ నోట్లు చెల్లవని ప్రకటించినారు. దాచుకున్న డబ్బు కాగితమైపోయింది. ఆ ఏడాది నుంచి మనవాళ్ళు మళ్ళీ ఓడలెక్కినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు, తమిళనాట బర్మా కాలనీలు అట్ల ఏర్పడినవే.

మా తాతకు అప్పుడు తొమ్మిదేండ్లు. "ఓడ ఎక్కే ముందు మా అమ్మ కమ్మలు కూడా విప్పించినారు. మద్రాసు రేవులో దిగేటప్పుడు మా దగ్గర రెండు దుప్పట్లు, ఒక గిన్నె ఉండె" అన్నారు. ఓడ పేరు అడిగితే ఆయనకు జ్ఞాపకం రాలేదు. మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు.

విరుదునగర్ మిరపకాయలకు, పప్పులకు, నూనెకు పేరుపొందిన వ్యాపారపు ఊరు. మూటలు మోసేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు వచ్చిపోయే చోట కడుపు నింపే తిండికి గిరాకీ ఉంటుంది. నూనె దొరికే ఊళ్ళో నూనె పరోటా నిలబడడంలో వింత లేదు. చేతిలో డబ్బు లేకుండా వచ్చినవాళ్ళకు వంట తెలిసిన చేతులే పెట్టుబడి. ఇంటిల్లిపాదీ పని చేస్తే అంగడి నడుస్తుంది. కొడుకులు, మనవళ్ళు దాన్ని నిలబెడితే అది ఊరి గుర్తు అవుతుంది.

రాజుల చరిత్ర మన పాఠంలో ఉంది. మా తాత చరిత్ర ఒక తిండి అంగడి బోర్డు మీద ఒక్క మాటగా మిగిలింది. ఆ మాట గురించి నేను అడగకపోయి ఉంటే ఆయనా చెప్పి ఉండరు. ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టి, ఆయన చెప్పేదంతా తేదీ వేసి రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మీరూ అడగండి. ఆలస్యం చేస్తే ఓడ పేరు మాదిరి తక్కినవి కూడా మరచిపోతారు.