సూర చేపయు, సముద్రపు త్రాసును

ధాత కరవు మాట మన పెద్దలనోట నేటికిని వినబడుచున్నది. 1876, 77 సంవత్సరములలో వానలు లేక బళ్ళారి, కర్నూలు, కడప సీమలు తల్లడిల్లెను. ఆ 1877లోనే పసిఫిక్ మహాసముద్రపు తూర్పుభాగము మిక్కిలి వేడెక్కియుండెనని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ వేడికిని మన వానకును సంబంధమేమి?

1904లో మన దేశపు వాతావరణశాఖకు ప్రధానాధికారియైన గిల్బర్టు వాకరు వానలు తప్పుటకు హేతువును వెదకెను. పసిఫిక్ సముద్రముపై గాలియొత్తిడి హెచ్చినప్పుడు హిందూ మహాసముద్రముపై తగ్గును; అచట తగ్గినప్పుడు ఇచట హెచ్చును. త్రాసు తట్టలవంటి యీ యూగిసలాటకు ఆయన దక్షిణ డోలనమని పేరిడెను. పెరూ దేశపు జాలరులు క్రిస్మసు దినములలో వచ్చు వేడినీటిని ఎల్ నినో, అనగా బాలయేసు, అనిరి. ఈ రెండును ఒకే వ్యవస్థలోని భాగములని 1969లో జాకబ్ బెర్క్‌నెస్ వివరించెను.

ఇక చేప సంగతి. ట్యూనాను మన తీరమున సూర యందురు. తూర్పుగాలి బలముగా వీచునపుడు వేడినీరు పడమటికి త్రోయబడును. చిన్నసూర ఆ వేడినీటి యంచున మేయును. గాలి సన్నగిల్లిన నీరు తూర్పునకు మరలును. చేపయు వెంట నడచును. ఈ రాకపోకలు వేల కిలోమీటర్ల మేర సాగునని 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తూర్పుతీరమున మాత్రము వేడినీటిపొర లోతుగా దిగుటచే పసుపురెక్కల సూర వలకందదు. 1982-83లో అట్లే జరుగగా అమెరికా ఓడలనేకము పడమటికి తరలిపోయెను.

వల కోరిన చేపనే పట్టదు. తూర్పు పసిఫిక్‌లో పసుపురెక్కల సూర డాల్ఫినుల మందక్రింద ఈదును. 1950ల చివర సంచివలలు ప్రబలినది మొదలు లక్షలాది డాల్ఫినులు వానిలో చిక్కి మడిసెను. 1972లో అమెరికా రక్షణశాసనము చేసెను. ఓడను వెనుకకు నడిపి, వల యంచును ముంచి, డాల్ఫినులను విడుచు నేర్పు వ్యాపించెను. 1992, 1999 నాటి ఒడంబడికల పిమ్మట మరణములు మిగుల తగ్గెను. కాని డాల్ఫినులను విడిచి తేలెడు దుంగలచుట్టు వలవేసినచో పసిసూరలు, సొరలు, తాబేళ్ళు చిక్కును. ఒక జీవిని కాచిన చేయి మరియొకదానిని బలిపెట్టకుండవలయును.

చేప కదలుచుండగా గీచిన హద్దు కదలదు, అదియే చిక్కు. 1982లో నౌరు ఒడంబడికచే ఏకమైన చిన్నదీవుల రాజ్యములు 2007 నుండి వేటదినములను లెక్కించి ఓడలకు విక్రయించుచున్నవి. చేప తమయొద్దకు రాని యేట ఒక దీవి తన దినములను మరియొక దీవికి ఇచ్చి సొమ్ము పొందవచ్చును. ఎక్కువ తక్కువలు గలిగిన చెరువునీటిని వంతులు వేసికొను మన రైతులకు ఈ నీతి క్రొత్తది కాదు.

ఒక యేటి వలను చూచి సముద్రము నిండెననియు, ఎండెననియు తీర్పు చెప్పరాదు. త్రాసు ఏవైపు మొగ్గియున్నదో ముందు చూడవలయును.