తప్పు దిద్దు సాక్షులు



మా తాతగారు తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయుచుండెడివారు. ఒకనాడు నేనొక పద్యమును చదువుచుండగా నన్ను నిలిపి, "ఇచట యతి చెడినది. వ్రాయసకాడు పొరపడినాడు" అనిరి. సరిచూచుటకు వేఱొక ప్రతి లేదు. అయినను తప్పు పట్టుపడెను. యతిప్రాసలు పద్యమునకు సొగసులే గాక కావలికాండ్రు కూడ నని నాడు తెలిసికొంటిని. నేడు నేను చెప్పబోవునది యట్టి కావలికాండ్ర చరిత్రయే.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు రిచర్డ్ హ్యామింగ్ అను గణితవేత్త తన లెక్కలను వారాంతమున గణనయంత్రమున కప్పగించి పోయెడివాడు. తప్పు జరిగినదని యంత్రము గుర్తింపగలదు. కాని గుర్తించినంతనే యా లెక్కను విడిచి మఱియొకదాని నెత్తుకొనెడిది. సోమవారము వచ్చి చూడగా పని శూన్యము. తప్పు కలదని తెలిసికొనగల యంత్రము, అది యెచట నున్నదో కనుగొని తానే యేల దిద్దుకొనరాదని యాయన యోచించెను. సమాధానమును 1950లో ప్రకటించెను.

తరువాత జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా ఫ్లాష్ మెమరీని కనిపెట్టి 1984లో వెల్లడించెను. నేడు మన సెల్‌ఫోనులలో ఛాయాచిత్రములు నిలుచునది దీనియందే. ఇందు చిన్న చిన్న గడులలో విద్యుదావేశమును బంధించి, ఒకటి, సున్న యను రెండంకెలతో సర్వమును వ్రాయుదురు. కాని పాతకుండలోని నీటివలె నా యావేశము మెల్లగ జారును. మాటిమాటికి చెరిపి వ్రాసిన గడి యరుగును. అప్పుడొక యంకె మఱియొకటిగ చదువబడును.

ఈ తప్పులను దిద్దు భారము తొలుత డ్రైవరుపై పడెను. డ్రైవరనగా నిచట మనిషి కాదు. కంప్యూటరునకును మెమరీకిని నడుమ నుండి వ్రాతను చేరవేయు ఆజ్ఞల కూర్పు. అది 2048 అంకెలను 11 విధములుగ రెండేసి సగములు చేసి, ప్రతి సగమునకు నొక సాక్షిని నియమించెడిది. తన సగములోని ఒకట్లు సరిసంఖ్యయో బేసిసంఖ్యయో చెప్పుటయే సాక్షి పని. ఆ 22 సాక్ష్యములు పుట యంచున దాచబడును. చదువునపుడు మరల లెక్కింపగా, ఒక యంకె మారినచో ప్రతి జతలోను ఒక్క సాక్షియే కాదనును. ఆ 11 మాటలను కూర్చిన తప్పున్న చోటు తేలును. ఉన్నవి రెండే యంకెలు గనుక దానిని మార్చిన చాలును. రెండు తప్పులైనచో తప్పున్నదని తెలియును గాని చోటు తెలియదు.

ఒక్కొక్క గడిలో రెండు మూడంకెలను కుక్కుట మొదలైన పిదప తప్పులు పెరిగెను. అప్పు డక్కఱకు వచ్చినది, పెక్కు తప్పులను దిద్దగల బి.సి.హెచ్. పద్ధతి. దీనిని 1959లో ఫ్రాన్సున హోక్వెంఘెమ్, 1960లో రాజచంద్ర బోస్, ద్విజేంద్రకుమార రాయచౌధురి వేఱువేఱుగ ప్రకటించిరి. బోసుగారు మునుపు కలకత్తా భారత గణాంక సంస్థలో పనిచేసినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణరావుగారును అచటివారే. ప్రయోగముల యేర్పాటుకై వారు 1947లో ప్రకటించిన అంకెల పట్టికలు ఈ విద్యకు దగ్గఱి చుట్టములు. ఫ్లాష్ మెమరీ పుట్టకమునుపే దాని మందు సిద్ధమై యుండెనన్నమాట! 2011లో లినక్స్ అను వ్యవస్థయందు డ్రైవరుల యుపయోగమునకై యీ పద్ధతి చేర్చబడెను.

అయినను సాక్షుల శక్తికి హద్దు గలదు. మా తాతగారి ప్రతులను ఛాయాచిత్రములు తీసి యొక మెమరీ కార్డున దాచితిమి. అది యేండ్ల తరబడి పెట్టెలో పడియుండెను. తెఱచి చూడగా కొన్ని పుటలు రాలేదు. అప్పటికి తాటాకులను చెదలు తినెను. తప్పులు హద్దు మీరినపుడు డ్రైవరు సాధారణముగ చదువలేననియే చెప్పును. తాతగారును శిథిలాక్షరముల చోట ఖాళీ విడిచెడివారు.

కావున మీ దస్తావేజుల నకళ్ళను, మీవారి చిత్రములను ఒక్కచోటనే యుంచి నమ్మియుండకుడు. రెండవ ప్రతిని వేఱొకచోట నుంచుడు. ఏడాదికొకమారైన తెఱచి చూచుకొనుడు. సెలవు.