క్రిమియాకు వెళ్ళిన పీడ్మాంటు సేన

చిన్న రాజ్యాల చరిత్రను పెద్ద రాజ్యాల చరిత్రకు పాదసూచికగా వ్రాయటం మన పాఠ్యగ్రంథాలకు అలవాటు. క్రిమియా యుద్ధంలో (1853-56) రష్యా ఒక పక్షాన, తుర్కీ, ఇంగ్లండు, ఫ్రాన్సులు మరొక పక్షాన పోరాడాయని చెబుతారు. చివర ఒక వాక్యం తగిలిస్తారు: సార్డీనియా రాజ్యం కూడా మిత్రపక్షాన కొంత సేనను పంపింది, దానివల్ల ఇటలీ ఏకీకరణకు మేలు జరిగింది, అది కవూర్ రాజనీతికి నిదర్శనం. ఇందులో మొదటి ముక్క నిర్వివాదం. మిగిలిన రెండింటినీ కొంచెం గీకి చూడాలి.

నేను చరిత్రశాఖకు చెందినవాణ్ణి కాను, తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. టాల్‌స్టాయ్ సెవాస్తోపోల్ కథల మూలంగా ఈ యుద్ధం జోలికి పోయాను. ఆయన ఫిరంగిదళపు అధికారిగా రష్యా పక్షాన అక్కడ ఉన్నాడు. ఎదుటి పక్షంలో 15 వేలమందికి పైగా ఇటాలియన్లు ఉన్నారు. రష్యాతో వీరికేం తగాదా?

తగాదా ఏమీ లేదు. వారి తగాదా ఆస్ట్రియాతో. టూరిన్ రాజధానిగా గల ఈ రాజ్యాన్ని పేరుకు సార్డీనియా అన్నా, దాని ఆయువుపట్టు పీడ్మాంటు. జనాభా సుమారు 50 లక్షలు. 1848లోనూ, 1849లోనూ ఆస్ట్రియా మీద కత్తి దూసి రెండుసార్లూ చేతులు కాల్చుకొన్నది. మిలాను, వెనిసు ఆస్ట్రియా గుప్పిటిలోనే మిగిలాయి. విప్లవాలు అణగారిన తరువాత ఇటలీలో రాజ్యాంగ శాసనాన్ని నిలుపుకొన్నది ఈ ఒక్క రాజ్యమే. ఇరుగు పొరుగు నిరంకుశులకు అది కంటిలో నలుసు. 1853 ఫిబ్రవరిలో మిలానులో తిరుగుబాటు జరగగానే, పీడ్మాంటుకు వలసపోయిన లొంబార్డుల ఆస్తులను ఆస్ట్రియా జప్తు చేసింది. వారిలో పీడ్మాంటు పౌరసత్వం పుచ్చుకొన్నవారూ ఉన్నారు. టూరిన్ ప్రభుత్వం వియన్నానుండి తన రాయబారిని వెనక్కు పిలుచుకొని నిరసన తెలిపింది. ఆ నిరసనను పట్టించుకొన్న నాథుడు లేడు.

ఇంతలో 1854 డిసెంబరు 2న, అంతవరకూ గోడమీది పిల్లిలా ఉన్న ఆస్ట్రియా, ఇంగ్లండు ఫ్రాన్సులతో సంధి చేసుకొన్నది. యుద్ధంలోకి మాత్రం దిగలేదు. అటు క్రిమియా చలిలో, రోగాలతో బ్రిటిషు సేన కరిగిపోతున్నది. ఇంగ్లండుకు మనుషులు కావాలి. ఆస్ట్రియా సేనలను రష్యా సరిహద్దుకు కదిలించాలంటే ఇటలీలో దాని వెన్నుకు భయం లేకుండా చేయాలి, అది ఫ్రాన్సు అవసరం. రెండు అవసరాలూ తీరే ఉపాయం పీడ్మాంటు సేనను క్రిమియాకు తరలించటం. పీడ్మాంటు ఇరకాటంలో పడింది. దూరంగా ఉంటే యూరపులో ఏకాకి. చేరితే, తన ప్రజలను జైళ్ళలో పెట్టిన ఆస్ట్రియా ఉన్న పక్షంలోనే చేరినట్టు.

విదేశాంగమంత్రి దబోర్మీదా కొన్ని షరతులు కోరాడు: జప్తులు ఎత్తివేయించాలి, శాంతి సభలో ఇటలీ ప్రశ్నను చర్చించాలి, ఆ మాట కాగితం మీద పెట్టాలి. మిత్రరాజ్యాలు పెట్టమన్నాయి. దబోర్మీదా రాజీనామా ఇచ్చాడు. 1855 జనవరిలో ప్రధానమంత్రి కవూర్ ఆ శాఖను కూడా తానే తీసుకొని, షరతులు లేకుండానే సంతకం చేశాడు. యుద్ధమంటే ఉవ్విళ్ళూరే రాజు విక్టర్ ఇమాన్యుయెల్, కవూర్ కాదంటే మితవాదులను పిలిచి మంత్రివర్గం కట్టబెట్టటానికి సిద్ధంగా ఉన్నాడు. కవూర్ దూరదృష్టిని పొగిడే గ్రంథకర్తలు ఈ దగ్గరి దృష్టి దగ్గర కలం ఆపుతారు.

డబ్బు సంగతి కూడా గమనింపదగినది. ఇంగ్లండు సహాయధనం ఇస్తానంటే కవూర్ వద్దన్నాడు. పుచ్చుకొంటే కిరాయి సేన అన్న మాట పడుతుంది. ఆ బదులు 10 లక్షల పౌన్లు అప్పు తీసుకొన్నాడు. మంత్రులకు పరువు దక్కింది, వడ్డీ పన్నులు కట్టేవారి నెత్తిన పడింది. తరువాతి కాలంలో ఈపాటి సిగ్గు కూడా మిగలలేదు. 1964 నుండి 1973 వరకు దక్షిణకొరియా పాలకులు వియత్నాం ప్రజల మీదికి 3 లక్షలకు పైగా సైనికులను వంతులవారీగా పంపారు. సుమారు 5 వేలమంది తిరిగి రాలేదు. 1966 మార్చిలో అమెరికా రాయబారి బ్రౌన్ వ్రాసి ఇచ్చిన లేఖలో ఆయుధాలు, భత్యాలు, కొనుగోళ్ళు, అప్పులు ఒక్కొక్కటీ నమోదై ఉన్నాయి. 2024లో ఉత్తరకొరియా రష్యాతో సంధి చేసుకొని ఆ శరత్కాలంలోనే కుర్‌స్క్ రంగానికి సేనను పంపింది. పంపామని తన ప్రజలతో చెప్పింది మాత్రం 2025 ఏప్రిల్లో. ఒక రాజ్యం తన పేరులో ఏ వాదం చేర్చుకొన్నా మనం చూపు ప్రక్కకు తిప్పుకోవటం తగదు.

టూరిన్ శాసనసభలో వామపక్షీయుడు బ్రోఫేరియో ఈ సంధిని తీవ్రంగా ఎదిరించాడు. ప్రవాసంలో ఉన్న మాజినీ సైనికులనే సంబోధిస్తూ, మీరు యుద్ధానికి పోవటం లేదు, ద్వీపాంతరం పోతున్నారు అన్న ధోరణిలో విజ్ఞప్తి ప్రకటించాడు. (లాలా లజపతిరాయ్ ఉర్దూలో జీవితచరిత్ర వ్రాసిన మాజినీ ఈయనే.) ఓడలు మాత్రం ఆగలేదు.

అల్ఫోన్సో లా మార్మోరా సేనానిగా 1855 వసంతంలో సేన క్రిమియాలో దిగింది. శత్రువు కంటే ముందు కలరా ఎదురైంది. బెర్సాలియేరీ దళాన్ని స్థాపించిన అతని అన్న అలెసాంద్రో జూన్‌లో ఆ రోగంతోనే పోయాడు. ఆగస్టు 16న చెర్నాయా నది ఒడ్డున ఫ్రెంచివారితో కలిసి రష్యా దాడిని తిప్పికొట్టారు. రష్యా పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకుండా పోయినవారు కలిసి సుమారు 8 వేలు. ఆ దాడి నడిపిన సేనానుల తెలివితక్కువను ఎత్తిపొడుస్తూ సైనికులు పాడుకొన్న పాట టాల్‌స్టాయ్‌దేనంటారు. పీడ్మాంటు పక్షాన ఆనాడు నేలకొరిగినవారు 14 మంది అని చరిత్రగ్రంథాలు సాధారణంగా చెబుతాయి. రోగాలకు బలియైనవారు సుమారు 2 వేలు. టూరిన్‌లో దీపాలు వెలిగించింది ఆ 14 మంది పేరున. ఈ 2 వేలమందికి వీరగాథలో చోటు దొరకలేదు. కలరాతో చావటంలో పౌరుషం ఏముంది, కావ్యం కట్టటానికి?

కందకంలో బురద తొక్కుతున్న ఒక సైనికుడు, ఈ బురదతోనే ఇటలీని కట్టాలి అన్నాడని ఇటలీ బడిపుస్తకాలలో ఒక కథ ఉన్నది. అన్నాడో లేదో గాని, అలా అన్నాడని చెప్పటం అతణ్ణి పంపినవారికి ఎంతో అవసరం.

1856 పారిస్ సభలో కవూర్‌కు కుర్చీ దొరికింది. పార్మానో, మోడెనానో తన రాజ్యంలో కలుపుకోవాలని ఆశపడ్డాడు. అంగుళం భూమి రాలేదు. సంధిపత్రం మీద సంతకాలయ్యాక, ఏప్రిల్ 8న ఇటలీ మాట ఎత్తారు. బ్రిటిషు ప్రతినిధి క్లారెండన్ పోపు పాలనను, నేపుల్సు రాజును దులిపివేశాడు. ఆస్ట్రియా ప్రతినిధి బువోల్, ఈ విషయమై తనకు ఆదేశాలు లేవని నోరు మూసుకొన్నాడు. అంతటితో సరి.

క్రిమియా లేకపోతే మూడవ నెపోలియన్ స్నేహం లేదు, ఆ స్నేహం లేకపోతే 1859 యుద్ధం లేదు కదా అని మిత్రులు వాదించవచ్చు. ఆ లంకె నేను కాదనను. పరాయిపాలన క్రింద నలిగిన జాతికి విముక్తి కావాలి. ఆ పని చేయగల సేన పీడ్మాంటుకే ఉన్నది. అందువల్లనే ఈ ప్రశ్న చిక్కైనది, కవూర్‌ను ఒక్క తిట్టుతో కొట్టివేయటం కుదరదు. కాని ఆ స్నేహానికి ఎంత చెల్లించారో కూడా చూడాలి. 1858లో ప్లోంబియేర్‌లో రహస్యంగా బేరం కుదిరింది. రాజు కూతురు క్లోతిల్దాను, 15 ఏళ్ళ పిల్లను, 36 ఏళ్ళ బొనపార్టు రాజకుమారుడికి కట్టబెట్టారు. 1859 జులైలో, యుద్ధం సగంలో ఉండగా, నెపోలియన్ పీడ్మాంటును సంప్రదించకుండానే విలాఫ్రాంకాలో ఆస్ట్రియాతో రాజీపడ్డాడు. లొంబార్డీ చేతికి వచ్చింది, వెనిసు రాలేదు. కవూర్ మండిపడి రాజీనామా ఇచ్చాడు. తిరిగి పదవిలోకి వచ్చి 1860లో సవాయ్‌ను, నీసును ఫ్రాన్సుకు వ్రాసి ఇచ్చాడు. నీసు గారిబాల్డీ పుట్టిన ఊరు. ఆ ఏడాదే ఆయన సుమారు వేయిమంది స్వచ్ఛంద సైనికులతో సిసిలీలో దిగి, ఏ శాంతి సభా ఇవ్వని దక్షిణ ఇటలీని గెలిచి ఈ రాజు చేతిలోనే పెట్టాడు.

జనం చేయవలసిన పనిని ఒక రాజ్యయంత్రం తన చేతుల్లోకి తీసుకొన్నదని గ్రాంసీ జైలులో కూర్చొని వ్రాశాడు. సార్డీనియా దీవిలో పుట్టినవాడు గనుక ఆ రాజ్యయంత్రం రుచి ఆయనకు తెలుసు. 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడినప్పుడు ఓటు హక్కు జనాభాలో నూటికి ఇద్దరికి మించలేదు. 25 ఏళ్ళు నిండిన మగవాడై, చదువు వచ్చి, సాధారణంగా ఏటా 40 లీరాల పన్ను కట్టగలిగి ఉండాలి. చెర్నాయా నుండి బ్రతికి వచ్చిన సేద్యగాడికి అంత పన్ను కట్టే ఆస్తి ఎక్కడిది? నిర్బంధ సైనికసేవకు మాత్రం ఆస్తి అడ్డం రాలేదు; దానిని దక్షిణాది గ్రామాలకు కూడా విస్తరింపజేశారు. తప్పించుకొని కొండలెక్కిన రైతుబిడ్డలకు బందిపోట్లని పేరు పెట్టారు. వారిని అణచటానికి 1861 చివర నేపుల్సుకు పంపిన సేనాని అల్ఫోన్సో లా మార్మోరా.