సత్రపు పొయ్యికి ధాన్యమెచ్చటిది?

అన్నదాతను లోకము కీర్తించును. కుండలోనికి బియ్యమెట్లు వచ్చెనో అడుగువారు అరుదు. ఒకనాటి అన్నదానమునకు దయ చాలును. నూరేండ్ల అన్నదానమునకు నిలుకడగల ఆదాయము కావలెను. మన దేశమందలి సత్రముల చరిత్ర చాలవరకు ఆ ఆదాయముయొక్క చరిత్రయే.

తంజావూరు మరాఠా రాజులు రామేశ్వరమునకు పోవు మార్గమున సత్రములు కట్టించిరి. వానిలో పెక్కింటికి అంతఃపుర స్త్రీల పేర్లు గలవు. ఒరత్తనాడులోనిది ముక్తాంబ పేర నిలిచినది. సత్రముల పోషణకు గ్రామములు మాన్యములుగా వ్రాయబడెను. ఆ పొలముల పంటయే బాటసారి విస్తరిలోని అన్నము. 1799 సంధితో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. 1801లో రెండవ శరభోజి రెసిడెంటు బెంజమిన్ టొరిన్‌కు లేఖ వ్రాసి, సత్రములకు భంగము రానీయవలదని వేడుకొనెను. అన్ని కులముల బాటసారులకును అన్నమిడుదురనియు, నడురేయి గంట మ్రోగించి ఇంకను తినని వారిని పిలుతురనియు, రోగులకు వైద్యమును పసిబిడ్డలకు పాలును కలవనియు అందు వివరించెను. 1855లో ఆయన కుమారుడు శివాజీ మగసంతు లేక మరణింపగా సంస్థానమే అంతరించెను. సత్రములు ప్రభుత్వ నిర్వహణలోనికి పోయెను. మాన్యముయొక్క బలమును, బలహీనతయు ఇందే కలవు. భూమి ఏటేట పండును. కాని పంట లెక్క ఎవరి చేత నుండునో, గంట త్రాడును వారి చేతనే యుండును.

పంజాబులో సిక్కుల లంగరు వేరొక త్రోవ త్రొక్కెను. గురు అంగదుని భార్య మాతా ఖీవీ వడ్డించిన నేతి పాయసమును గురుగ్రంథ సాహెబు స్మరించుచున్నది. లంగరునకు ఆధారము దశవంధము, అనగా సంపాదనలో పదవ వంతు. మసందులను ప్రతినిధులు దూరప్రాంతముల కానుకలను సేకరించి గురువునకు చేర్చుచుండిరి. కాలక్రమమున వారిలో లోభము ప్రవేశించెను. గురు గోవిందసింగు ఆ వ్యవస్థను రద్దుచేసి, భక్తులే తమ కానుకలను నేరుగా తెచ్చుకొనవలెనని శాసించెను. ఇచ్చువానికిని తినువానికిని నడుమ నిలిచిన చేయి శుద్ధముగా లేనిచో, ఎంత దానమైనను ఆకలిని చేరదు.

దక్షిణమున వడలూరులో రామలింగస్వామి 1867 మే 23న ధర్మశాలను ప్రారంభించెను. దానికి నేల నిచ్చినవారు రాజులు కారు, ఆ గ్రామస్థులే. నాడు రాజిన పొయ్యి నేటికిని ఆరలేదు. గోదావరి సీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) భర్త జోగిపంతులు సేద్యపు రాబడినే అతిథులకు వండిపెట్టెను. అచట ఇంటి గాదెయే సత్రపు గాదె. అట్టి త్యాగము మహనీయము. కాని దాని ఆయువు దాత ఆయువుతో ముడివడియుండును.

తిరుమలలో 1985లో నిత్యాన్నదాన పథకము ఆరంభమయ్యెను. భక్తుల విరాళములను మూలధనముగా నిలిపి, దానిపై వచ్చు వడ్డీని భోజనములకు వెచ్చించుట అందలి పద్ధతి. వెనుకటి మాన్యపు పొలము ఇచట బ్యాంకు నిల్వయైనది. మూలమును ముట్టక ఫలమును పంచవలెనను నియమము మాత్రము మారలేదు.

పొలము, పదవ వంతు, ఇంటి గాదె, వడ్డీ: ఏదియు తనంతట తాను అన్నము కాదు. లెక్క చూచువాడు నమ్మకస్థుడై, తినని వాడింకెవడైన కలడా యని నడురేయి పిలుచువాడొకడున్నప్పుడే సత్రము సత్రమగును.