కొండ ఇత్తడి, బజారు తూకము

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజికి చేరువలో ఉన్న బేగంబజారు పేరు వినని గృహిణి మన ప్రాంతములో అరుదు. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ 1762 నుండి 1803 వరకు రాజ్యమేలినాడు. ఆయన భార్య హుమ్దా బేగం ఈ స్థలమును వర్తకులకు దానముగా ఇచ్చినందున దీనికి ఈ పేరు వచ్చినదని ప్రసిద్ధి. పిమ్మట గోసాయీలు, మార్వాడీలు, గుజరాతీలు ఇచట కొట్లు పెట్టి స్థిరపడినారు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇచటి సాహుకారులు నిజాం ప్రభుత్వమునకే అప్పులిచ్చిన సంపన్నులు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచెత్తినది. అంతటి వరదకు తరువాత కూడ బజారు సాగుచునే వచ్చినది. ఎండుపండ్లు, సుగంధద్రవ్యములు, పూజాసామగ్రి, ఇత్తడి, రాగి, నేడు స్టీలు, ప్లాస్టిక్కు—అన్నిటికిని ఇది టోకు అంగడి.

మనము ఈ పూట నిలువవలసినది ఇత్తడి, రాగి సామానుల కొట్ల ముందు. పెండ్లికి బిందె కొనవలెనన్నను, గుడికి గంట కొనవలెనన్నను, ఇచట మొదట జరుగు పని తూచుట. పూర్వము సేర్లలోను, 1958 నుండి క్రమముగా మెట్రిక్ తూనికలు వచ్చిన పిమ్మట కిలోలలోను ధర చెప్పుచున్నారు. పాత బిందె ఇచ్చి కొత్తది తీసుకొనునపుడు తరుగు తీసి లెక్క కట్టుదురు. ఇందులో మోసమేమియు లేదు. ఇల్లాలికి లోహము విలువ తెలియును, వర్తకునికిని తెలియును; త్రాసు ఇద్దరికిని మధ్యవర్తి. మన తెలుగిండ్లలో ఇత్తడి సామాను అనగా సగము గిన్నె, సగము దాచుకొన్న సొమ్ము.

కాని ఇదే ఇత్తడిని వేరొక కొలతతో చూచు చేతులు మన రాష్ట్రములోనే ఉన్నవి. వానిని చూడవలెనన్న హైదరాబాదు నుండి ఉత్తరముగా సుమారు 300 కిలోమీటర్లు పోవలెను. సోన్ వద్ద గోదావరిని దాటి, నిర్మల కనుమలెక్కి, ఉట్నూరు మీదుగా జైనూరు చేరినచో, టేకు చెట్ల కొండల నడుమ చిన్న చిన్న గూడెములు కానవచ్చును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన ఈ భాగము 2016 నుండి కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఉన్నది. ఇచట గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు చిరకాలముగా కలసి జీవించుచున్నారు. వంశగాథలను కిక్రి వాయించుచు పాడు పని పర్ధానులది, తోటీలది. లోహము పోతపోయు పని ఓజులది. ఉషేగాం, కేస్లాగూడ అను గ్రామములు వీరి పనికి పేరు పొందినవి.

'ఓజ' అను మాటకు తెలుగులో గురువు అని అర్థము. మన ప్రాచీన శాసనములలో శిల్పుల పేర్లు అనేకము 'ఓజు' అని ముగియుట చరిత్రకారులెరిగినదే. కొండలలోని ఓజులకు ఆ శిల్పులతో బంధుత్వమున్నదని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ పేరునకు తగిన విద్య వీరిలో ఉన్నదని మాత్రము చెప్పగలము.

ఆ విద్య ఎట్టిదో కొంచెము వివరింతము. గంట చేయవలెననుకొందము. మొదట మట్టితో గంట లోపలి ఆకారమును చేసి ఆరబెట్టుదురు. తేనెమైనమును గుగ్గిలము వంటి బంకతో కలిపి, దారము వలె సన్నగా తీసి, ఆ మట్టి ముద్ద చుట్టును వరుసగా చుట్టుదురు. జడ అల్లికలు, చుక్కలు, పిట్టలు, పూలు అన్నియు ఈ మైనముతోనే దిద్దుదురు. దానిపై మెత్తని మట్టి పూత, ఆపై ముతక మట్టి పూత పూసి, లోహము పోవుటకు దారి విడుతురు. వేడి తగులగానే మైనము కరిగి పోవును. అది విడిచిన ఖాళీలోనికి కరిగిన ఇత్తడి దిగును. మైనమునకు 65 డిగ్రీల వేడి చాలును; ఇత్తడి కరగుటకు 900 డిగ్రీలకు పైగా కావలెను. కొలిమిలో నిప్పు రంగు చూచి ఆ వేడిని గుర్తించుటయే ఓజు నేర్పు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టి, వస్తువును బయటికి తీసి, ఆకురాయితో రుద్ది మెరుగు పెట్టుదురు. అచ్చు పగిలిపోవును గనుక ఒకే అచ్చునుండి రెండు గంటలు పుట్టవు.

ఇది నేటి విద్య కాదు. మొహెంజొదారోలో దొరకిన నాట్యకత్తె బొమ్మ ఈ మైనపు పద్ధతిలోనే, ఇప్పటికి నాలుగువేల ఏండ్లకు పూర్వము పోసినది. సంస్కృతములో దీనిని మధూచ్ఛిష్ట విధానమందురు, మధూచ్ఛిష్టమనగా మైనము. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసము'లో ఈ విధానము వర్ణింపబడినది. మైనపు బొమ్మను ముందుగా తూచి, దానికి ఎన్ని రెట్లు లోహము కావలెనో లెక్క కట్టవలెనని అందు చెప్పబడినది. కనుక పోతపని వానికిని త్రాసు ఉన్నది. బజారు త్రాసు వస్తువు పూర్తియైన పిదప తూచును; శిల్పి త్రాసు వస్తువు పుట్టక ముందే తూచును.

ఇచట పాఠకులు ఒక విషయము గమనింపవలెను. లోపల మట్టి ముద్ద పెట్టుట ఎందుకు? లోహము పొదుపు చేయుటకు. కొండలో రాగి గనులు లేవు, తుత్తునాగము లేదు. పగిలిన చెంబులు, విరిగిన పళ్లెములు—పాత ఇత్తడియే వారి ముడిసరకు. అందుచేత మైనపు పొర ఎంత పలుచనైన అంత మేలు. నేర్పు పెరిగిన కొలది వస్తువు తేలికయగును. అట్టి వస్తువును తెచ్చి బజారులో త్రాసుపై పెట్టినచో, నేర్పరి పోసిన గంటకు తక్కువ వెల, నేర్పు చాలని వాడు మందముగా పోసిన గంటకు ఎక్కువ వెల పలుకును. ఏ వర్తకుడును చెడ్డవాడు కాకయే, కిలో లెక్క ఒక్కటే ఈ అన్యాయమును చేయగలదు.

పూర్వము ఓజులకు ఈ చిక్కు లేదు. వారు బజారు కొరకు పోసినవారు కారు. గోండుల కులదైవమైన పెర్సాపేన్ సేవకు కావలసిన గంటలు, దేవతల చిన్న ప్రతిమలు, దీపములు, కాళ్ల కడియములు, అందెలు వీరు చేసి ఇచ్చెడివారు. ప్రతిఫలముగా పంట నూర్చిన తరువాత ధాన్యము పుచ్చుకొనెడివారు. గంట పోసినవాడెవరో పూజ చేయువానికి తెలియును. ఆ గంట ఏ ఇంటి వేలుపు ముందు మ్రోగునో పోసినవానికి తెలియును. తూకము అడుగవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు.

ఈ ఏర్పాటు సడలుటకు కారణము కొలిమిలో లేదు, పొలములో ఉన్నది. చాందా గోండు రాజ్యము 1751లో నాగపురి భోంస్లేల వశమైనది. నిజాం పాలనలో అడవులను రిజర్వు చేసినపుడు గోండులు తాము సాగుచేసిన భూములు విడువవలసి వచ్చినది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. రైలుతో పాటు బయటివారును, మిల్లు సరకును వచ్చినవి. భూమి పోయిన గోండు ధాన్యమివ్వలేడు. ధాన్యము రాని ఓజు మైనము కొనలేడు. 1940లో కొమురం భీము జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో ప్రాణములు కోల్పోయిన పిమ్మట ప్రభుత్వము మేలుకొని, మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫును ఆ ప్రాంతమునకు పంపినది. ఆయన మార్లవాయి గ్రామములో నివసించి, 1943లో అచట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రమును నెలకొల్పినారు. ఆ దశాబ్దిలో వేలాది గిరిజన కుటుంబములకు భూమి పట్టాలు దక్కినవి. కొండ పనివాని బ్రతుకు కొండ రైతు బ్రతుకుతో ముడిపడి ఉన్నదని ఈ చరిత్ర మనకు చూపుచున్నది.

నేటి ఓజు పట్నమునకు కూడ పోయవలసియున్నది. దేవుని గంటతో పాటు ఏనుగు, లేడి, నెమలి, అలంకారపు దీపము చేయుచున్నాడు. 2018లో 'ఆదిలాబాదు డోక్రా' అను పేరునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతరులు ఆ పేరును దొంగిలింపకుండ ఇది కాపాడును; మెచ్చదగినదే. కాని అది ప్రాంతము పేరు. మనిషి పేరు కాదు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడి నర్తకుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినపుడు, నెమలి పింఛముల టోపీ క్రింద ఒక ముఖమున్నదనియు, దానికొక పేరున్నదనియు దేశమునకు తెలిసినది. ఆయన 2024లో కన్నుమూసినారు. ఆ నృత్యము గురించి మాటాడినచోటనెల్ల ఆయన పేరు వినవచ్చుచున్నది. పోతపని వానికి ఇట్టి గౌరవము ఇంకను రావలసియున్నది.

బేగంబజారును మనము తప్పుపట్టనక్కరలేదు. బిందెను తూచి కొనుట న్యాయమే. అది నీళ్లు మోయు పాత్ర, ఆపదకు అక్కరకు వచ్చు సొమ్ము. మైనపు దారము చుట్టి పోసిన గంట చేతికి వచ్చినపుడు మాత్రము మనము వేరు ప్రశ్నలు అడుగవలెను. ఇది ఏ ఊరిలో పోసినది? ఎవరు పోసినారు? ఎన్ని దినములు పట్టినది? ఆ దినములకు కూలి కట్టి వెల ఇచ్చితిమా, లేక లోహమునకు మాత్రమే ఇచ్చితిమా? కొనువారు ఇట్లు అడుగుచున్నచో అమ్మువారును పనివాని పేరు చెప్పుట నేర్చుకొందురు. పేరుతో వెలయు పెరిగినపుడే ఓజు కొడుకు పట్టణపు కూలికి పోక తండ్రి కొలిమి వద్ద కూర్చుండును. ఆ పిల్లవాడు కూర్చుండనినాడు, నిప్పు రంగు చూచి వేడిని గుర్తించు ఆ కన్నును ఏ పుస్తకమును మనకు తిరిగి తెచ్చి ఇవ్వజాలదు.