చిత్తూరు సీమలో ఇంగ్లీషు సాహిత్యపు పరీక్షలు

ఫలానావారి కుమారుడు మెట్రిక్యులేషను ప్యాసయ్యెననియు, మఱియొకరి యల్లుడు బి.ఏ. తప్పెననియు మన తాతలనాడు ఊరూరను చెప్పుకొనుచుండిరి. తప్పినవానికిని కొంత గౌరవము లేకపోలేదు. పరీక్షదాక పోయినవాడు గదా! ఆ తప్పినవారిలో పెక్కురను పడవేసినది ఇంగ్లీషు. వారు చదువవలసినది దొరలతో మాటలాడుటకు, అర్జీలు వ్రాయుటకు జాలినంత భాష మాత్రమే గాదు. ఆ దేశపు కవుల కావ్యములును, నాటకములును, వాని యలంకారములును. ఆ పరీక్ష మన సీమకు ఎట్లు వచ్చెనో, ఏమి చేసెనో నేడు కొంత ముచ్చటింతము.

1835లో మెకాలే తన ప్రసిద్ధమైన నివేదికను వ్రాసెను. 1844లో హార్డింజి ప్రభువు, సర్కారు కొలువులకు ఇంగ్లీషు చదివినవారినే ముందుగా గైకొనవలెనని యుత్తరువు చేసెను. 1854లో ఉడ్డు దొరగారి విద్యాలేఖ వెలువడెను. 1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. నాటినుండి తిరుపతి కుఱ్ఱవాడైనను, చిత్తూరి కుఱ్ఱవాడైనను ఆ విశ్వవిద్యాలయపు ప్రశ్నపత్రమునకే తలయొగ్గవలసివచ్చెను.

ఇందొక వింత గలదు. ఇంగ్లీషు సాహిత్యమును ప్రత్యేకశాఖగ జేసి పట్టమిచ్చు పద్ధతి ఆక్సుఫర్డులో 1894లోగాని నిలువలేదు. కేంబ్రిడ్జిలో 1917లోగాని రాలేదు. అచ్చటి పెద్దమనుష్యుల విద్య యనగా గ్రీకు, లాటిను. తల్లిభాషలోని కవిత్వమునకు పరీక్ష యేల యని వారి యూహ. మన యిండ్లలోని దంపుళ్ల పాటలకు, మేలుకొలుపులకు పరీక్ష పెట్టుట యన్నచో మనకు నట్లే నవ్వు వచ్చును గదా! ఈ తర్కమును బట్టి చూడగా, షేక్స్‌పియరు పుట్టిన దేశపు ప్రాచీన విద్యాలయములకంటె ముందుగనే మన పల్లెబిడ్డలు షేక్స్‌పియరునందు పరీక్షితులైరి.

పరీక్ష జరుగు తీరు మనవారికి బొత్తిగ క్రొత్తది కాదు. ఒక పద్యభాగము నిచ్చి దాని తాత్పర్యమును సొంతమాటలలో వ్రాయుమందురు. ఎవరు ఎవరితో ఏ సందర్భమున బలికిరో చెప్పుమందురు. అందలి యలంకారమును గుర్తించి, లక్షణము జెప్పి, మఱియొక యుదాహరణ మిమ్మందురు. పాదమును గణములుగ విఱువుమందురు. ఉపమను, రూపకమును, అతిశయోక్తిని వీథిబడిలోనో పండితుని యరుగుమీదనో ఎఱిగిన బాలునకు సిమిలీ, మెటఫరు, హైపర్బొలీ అనునవి వేషము మార్చుకొని వచ్చిన చుట్టములవలె దోచెను. చిక్కువచ్చినది ఛందస్సు కడ. మన గణములు గురులఘువులపై నిలిచినవి. వారివి ఉచ్చారణలోని ఊనికపై నిలిచినవి. మఱియు మిల్టను వ్రాసిన "పారడైజ్ లాస్టు" కావ్యమున అంత్యప్రాస యను మాటయే లేదు. యతి లేక, ప్రాస లేక పద్య మెట్లగునని మన బాలు డాశ్చర్యపడుట సహజమే.

వల్లెవేయుట యను దోషము ఇంగ్లీషుతోనే వచ్చిన దని కొంద ఱందురు. అది న్యాయము గాదు. మనకు పొరుగుననే, ఆరణి దాపున అడయపాలెములో బుట్టిన అప్పయ్యదీక్షితులు పదునాఱవ శతాబ్దిలో "కువలయానందము" రచించెను. జయదేవుని "చంద్రాలోకము"ను ఆధారముగ గొని నూటికిపైగ అలంకారములను వివరించిన గ్రంథమది. అందు లక్షణమును, లక్ష్యమును ఒక్క శ్లోకముననే యిమిడియుండును. కంఠస్థము చేయుటకే యట్లు కూర్చిరి. అయితే ఆ శ్లోకములు వచ్చిన విద్యార్థి తరువాత కావ్యములను గురువుకడ ఏండ్లకొలది చదివెడివాడు. సర్కారు పరీక్షకు బోవు బాలునకు అంత తీరిక యెక్కడిది? మూలమును విడిచి, నోట్సు పుస్తకమును బట్టెను. పేరు తెలిసెను; వస్తువు తెలియలేదు. ఇచ్చటనే నష్టము కలిగినదని నా యభిప్రాయము.

నష్టము ఇంతతో నాగలేదు. ఇంగ్లీషున దప్పినవానిని తక్కిన మార్కు లేవియు కాపాడలేవు. ఇదే చెన్నపురి విశ్వవిద్యాలయము క్రింద కుంభకోణపు కళాశాలలో 1904లో జేరిన శ్రీనివాస రామానుజన్ గణితము దప్ప వేఱొకటి పట్టించుకొనక, ఇంగ్లీషు వ్యాసరచనలో దప్పి, విద్యార్థివేతనమును గోల్పోయెను. 1907లో ఎఫ్.ఏ. పరీక్షకు బోయి మరల దప్పెను. 1918లో లండనులోని రాయల్ సొసైటీ యాయనను సభ్యునిగ గైకొనెను. అంతటివా డొక్కడు తేలెను. మునిగినవారి లెక్క యెవరు వ్రాసిరి?

ఇక రెండవ ప్రక్క చూతము. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివిరి. ఆ కళాశాలాధ్యక్షుడు విలియం మిల్లరు దొర షేక్స్‌పియరు నాటకములపై గ్రంథములు వ్రాసినవాడు. లియరురాజు కథను హిందూదేశ రాజకీయములతో ముడివెట్టి యొక పుస్తకమే ప్రకటించెను. విద్యార్థిగ నుండగనే 1899లో రెడ్డిగారు తెలుగు కావ్యపు పోటీకి "ముసలమ్మ మరణము" వ్రాసి బహుమాన మందిరి. అనంతపురము సీమలో తెగబోవు చెఱువుకట్టకు తన ప్రాణ మర్పించిన యొక పల్లెకోడలి కథ యది. రాజు లేడు, స్వయంవరము లేదు, అష్టాదశ వర్ణనలు లేవు. ఇంగ్లీషు కావ్యములు చదివిన కన్నుతో తన నేలను జూచి వ్రాసిన కావ్యమది.

పిదప వారు కేంబ్రిడ్జికి బోయి చదివివచ్చి, 1914లో "కవిత్వతత్త్వ విచారము" ప్రకటించిరి. పింగళి సూరన "కళాపూర్ణోదయము"ను ముందుంచుకొని, కవికి ముఖ్యమైనది భావనాశక్తి యనియు, శబ్దాడంబరము మీఱినచో కావ్యము చెడుననియు వాదించిరి. పండితులు కొందఱు నొచ్చుకొనిరి, ఆక్షేపించిరి. నాకును అందలి ప్రబంధనింద కొన్నియెడల హెచ్చని తోచును. అయినను ఏ ప్రశ్నపత్రమును అడుగని ప్రశ్నను వారడిగిరి: ఇది యే యలంకారము అని కాదు, ఇది యిచ్చట నేల యున్నది అని.

అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 1915లో అనిబిసెంటమ్మగారు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. ఐర్లండు కవి జేమ్సు కజిన్సు అచ్చట అధ్యక్షుడై యుండగా, 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు విడిదిచేసి, తమ "జనగణమన" గీతమును తామే ఇంగ్లీషులోనికి మార్చిరి. కజిన్సుగారి భార్య మార్గరెట్టు దాని స్వరములను వ్రాసిపెట్టెను. పరీక్షకై చదువబడు భాషలో మనదేశపు కవి తన పాటను వినిపించుట ఆ విద్యార్థులు కన్నులార జూచిరి.

నాటి తిరుత్తణిలో బుట్టి, తిరుపతి లూథరను మిషను పాఠశాలలో 1896 మొదలు 1900 వఱకు చదివిన సర్వేపల్లి రాధాకృష్ణగారును ఆ క్రైస్తవ కళాశాలవారే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులు రెడ్డిగారు. 1931లో ఆ పీఠమునకు వచ్చినవారు రాధాకృష్ణగారు. 1936లో మరల రెడ్డిగారు. ప్రశ్నలకు జవాబులు వ్రాసిన యీ సీమబిడ్డ లిద్దఱు ప్రశ్నలు వేయించు పదవికి వచ్చిరి. తిరుపతిలో 1945లో దేవస్థానమువారి కళాశాలయు, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును వెలసెను. అటుపిమ్మట మన బిడ్డల ఇంగ్లీషు పట్టపరీక్షల ప్రశ్నపత్రములు చెన్నపట్టణమునుండి గాక కొండక్రిందనుండియే వచ్చుచున్నవి.