కిటో కాళ్ల కింది వాగులు

పాత కిటో నడిబొడ్డున ఉన్న పెద్ద కూడలిని ప్లాసా గ్రాందే అంటారు. దానికి దక్షిణం వైపు తెల్లటి గోడలతో పొడుగ్గా కేథడ్రల్ కనిపిస్తుంది. స్పెయిన్‌వాళ్లు దక్షిణ అమెరికాలో కట్టించిన ఊళ్లలో పెద్ద చర్చి సింహద్వారం సాధారణంగా కూడలికేసి ఉంటుంది. ఇక్కడ అలా లేదు. కూడలికి ఆనుకుని ఉన్నది చర్చి పక్కగోడ. 1562లో దీన్ని కట్టడం మొదలుపెట్టినప్పుడు వెనక సంగూన్యా అనే లోతైన వాగు ఉంది. నిలువుగా కట్టడానికి చోటు చాలక, వాగు గట్టు వెంట అడ్డంగా కట్టారు. ఆ వాగు ఇప్పుడు కంటికి కనబడదు. అయినా ఊరి ప్రధాన చర్చి ఎటు తిరిగి ఉండాలో తేల్చింది అదే.

ఈక్వెడార్ రాజధాని అయిన ఈ ఊళ్లో నేను కాపురం ఉంటున్నాను. గలాపగోస్ దీవులకు వెళ్తూ మధ్యలో ఒక రోజు ఆగే బంధువులకు, స్నేహితులకు పాత ఊరు తిప్పి చూపించడం నా వంతు. ఇక్కడి గైడ్లు చాలా బాగా చెబుతారు. కూడలి, అధ్యక్ష భవనం, బంగారు చర్చి, దయ్యం కథ, చివరికి చాక్లెట్ దుకాణం. ఈ వరసలో నాకు తప్పనిపించేదేమీ లేదు. కానీ నడుస్తున్నంతసేపూ మన కాళ్ల కింద ఏముందో చెప్పకపోతే ఈ ఊరు అర్థం కాదని నా గట్టి నమ్మకం. అందుకే నేను కేథడ్రల్ పక్కగోడ దగ్గర మొదలుపెడతాను.

ఊరు పిచించా అగ్నిపర్వతం తూర్పు వాలు మీద, సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉంది. కొండ మీద కురిసిన వాన గండ్లు కోసుకుంటూ దిగి, అడుగున మచాంగరా నదిలో కలిసేది. అలాంటి గండిని ఇక్కడివాళ్లు కేబ్రాడా అంటారు. స్పెయిన్‌వాళ్లకు దక్కకూడదని ఇంకాల సేనాని రుమిన్యావి తమ పట్టణాన్ని తగలబెట్టి వెళ్లాడు. ఆ బూడిద మీద 1534 డిసెంబరు 6న స్పెయిన్ సేనాని సెబస్తియాన్ దె బెలాల్కాసర్ మనుషులు కొత్త ఊరికి ముగ్గు పోశారు. చుట్టూ గండ్లుంటే శత్రువు సులువుగా రాలేడు, తాగడానికి నీళ్లుంటాయి. చోటు ఎంచుకోవడం వరకు బాగానే ఉంది. కానీ వాళ్లు వెంట తెచ్చుకున్న పటం చదరంగపు బల్ల లాంటిది. వీధులన్నీ తిన్నగా సాగాలి, నాలుగు మూలలూ లంబకోణంలో కలవాలి. ఎగుడుదిగుడు నేల మీద ఆ పటాన్ని పరచడానికి సుమారు నాలుగు వందల ఏళ్లు వాగుల మీద వంతెనలు వేశారు, కమానులు కట్టారు, మట్టీ చెత్తా పోసి పూడ్చారు. ఆ పని ఎక్కువగా చేసింది ఆదివాసులు. కేథడ్రల్ కూడా మింగా పద్ధతిలో, అంటే ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చి చేసే ఉమ్మడి శ్రమతోనే లేచింది.

కేథడ్రల్ లోపల సుక్రే సమాధి ఉంది. 1822 మే 24న ఇదే పిచించా కొండ వాలు మీద స్పెయిన్ సైన్యాన్ని ఓడించి కిటోకు స్వాతంత్ర్యం తెచ్చిన సేనాని అంతోనియో హొసే దె సుక్రే ఈయనే. 1830 జూన్‌లో ఆయన్ని బెర్రుయెకోస్ కొండదారిలో మాటువేసి చంపారు. శత్రువులు శవాన్ని కూడా వదలరని భయపడి భార్య మరియానా కార్సెలెన్ ఆ అస్థికలను గుట్టుగా దాచింది. 1900లో కార్మెన్ బాహో మఠంలో దొరికాయి. 1932 నుంచి ఈ సమాధిలో ఉన్నాయి. స్వాతంత్ర్యం తెచ్చినవాడి ఎముకలు డెబ్బై ఏళ్లు ఎవరికీ తెలియకుండా పడి ఉన్నాయంటే, ఆనాటి రాజకీయాల్లో ఎంత విషం ఉండేదో ఊహించండి. విషం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం కూడా. 1877లో గుడ్ ఫ్రైడే రోజున ఇదే కేథడ్రల్‌లో ఆర్చిబిషప్ చెకా ఇ బార్బా తాగిన ప్రార్థన ద్రాక్షసారాలో ఎవరో స్ట్రిక్నీన్ కలిపారు. ఆయన ఆ రోజే చనిపోయాడు. దానికి రెండేళ్ల ముందు, 1875 ఆగస్టు 6న, అధ్యక్షుడు గాబ్రియేల్ గార్సియా మొరేనో కేథడ్రల్‌లో ప్రార్థన ముగించుకుని కూడలి పక్కనే ఉన్న అధ్యక్ష భవనం కరోందెలెత్ మెట్లెక్కుతుండగా ఫౌస్తీనో రాయో కొడవలి లాంటి పెద్ద కత్తితో నరికాడు. రెండు చోట్లూ ఒకే కూడలిని ఆనుకుని ఉన్నాయి.

అక్కడి నుంచి దక్షిణంగా సాగే వీధికి ఆ అధ్యక్షుడి పేరే పెట్టారు. ముసలివాళ్లు ఇప్పటికీ దాన్ని ఏడు శిలువల వీధి అంటారు. చర్చిల ముందు రాతి శిలువలు వరసగా నిలబడి ఉంటాయి. కేథడ్రల్‌ను ఆనుకుని ఉన్న ఎల్ సాగ్రారియో చర్చి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇది సరాసరి వాగు మీదే ఉంది. 17వ శతాబ్దం చివర గండి మీద రాతి కమానులు కట్టి, వాటిపైన చర్చిని లేపారు. లోపలికెళ్లి ప్రార్థన చేసుకునేవాళ్లలో కింద బోలుగా ఉందని ఎంతమందికి తెలుసో!

ఈ చర్చి పక్కనే మనుయేలా కన్యిసారెస్ ఇల్లు. 1809 ఆగస్టు 9 రాత్రి కిటో పెద్దలు ఆమె ఇంట్లో సమావేశమై, తెల్లవారేసరికి స్పెయిన్ అధికారులను తప్పించి సొంత పాలకమండలి ఏర్పాటు చేసుకున్నారు. ఆ మండలి కొన్ని నెలలే నిలిచింది. నాయకులను వీధికి అవతలి వైపున్న సైనిక పటాలం చెరసాలలో పెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టు 2న వాళ్లను విడిపించాలని జనం ఎగబడితే, సైనికులు ఖైదీలను కొట్లలోనే చంపేసి వీధుల్లోకి వచ్చి ఊరివాళ్ల మీద పడ్డారు. చనిపోయిన నాయకులను నాలుగడుగుల దూరంలోని సాన్ అగుస్తిన్ మఠంలో పూడ్చారు. చెరసాల ఉన్న భవనం ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. ఆ కొట్లలో మైనపు బొమ్మలతో హత్యాకాండను చూపిస్తారు. చిన్నపిల్లలుంటే నేను లోపలికి తీసుకెళ్లను.

బంగారు చర్చి లా కొంపాన్యియా గురించి గైడ్లు ఎలాగూ ఎక్కువసేపు చెబుతారు కాబట్టి నేను పొడిగించను. జెసూయిట్ సన్యాసులు 1605లో మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి 1765 వచ్చింది. గోడలూ కప్పూ స్తంభాలూ అన్నీ బంగారు రేకు. అంత చేశాక రెండేళ్లకే, 1767లో, స్పెయిన్ రాజు జెసూయిట్లందరినీ వెళ్లగొట్టాడు. నూట అరవై ఏళ్ల పని చేసినవాళ్లకు రెండేళ్లే మిగిలింది. 1996లో మరమ్మతులు జరుగుతుండగానే మంటలంటుకుని కొంత భాగం పాడైతే మళ్లీ బాగుచేశారు. నాకు మాత్రం లోపలి బంగారం కంటే ముందువైపు బూడిదరంగు అగ్నిశిల మీది చెక్కుడు పనే ఎక్కువ ఇష్టం. వానలో తడిసినప్పుడు చూడండి, గీతగీతా తేలుతుంది.

ఇక సాన్ ఫ్రాన్సిస్కో మఠం, దాని ముందున్న కూడలి. ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి. కూడలంతా ఏటవాలు. పైన మఠం, కింద ఊరు. వాలును సర్దడానికి మఠం ముందు ఎత్తైన రాతి అరుగు కట్టి, మధ్యలో గుండ్రటి మెట్లు పెట్టారు. దిగువ సగం మెట్లు బయటికి ఉబ్బి, ఎగువ సగం లోపలికి వంగి ఉంటాయి. ఎక్కేవాడికి తెలియకుండానే నడక నెమ్మదిస్తుంది. ఈ ఎత్తులో ఊపిరి అందని కొత్తవాళ్లకు అదొక సాయం కూడా. మఠాన్ని మొదలుపెట్టింది ఫ్లాండర్స్ నుంచి వచ్చిన యోదొకో రికే అనే సన్యాసి. ఈ నేలలో మొదట గోధుమ చల్లింది ఆయనేనని చెబుతారు. 1550లలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఇక్కడే సాన్ ఆంద్రెస్ అనే పాఠశాల నడిపి ఆదివాసీ పిల్లలకు చదువు, సంగీతం, చిత్రకళ, శిల్పం నేర్పారు. కిటో శైలి అని ప్రపంచమంతా చెప్పుకునే కళకు పునాది ఆ బడి.

ఆ కళలో గొప్పవాళ్లలో ఒకరు కాస్పికారా. అసలు పేరు మనుయేల్ చీలి, ఆదివాసి. 18వ శతాబ్దంలో ఆయన చెక్కిన కొయ్య బొమ్మల చర్మం నిజం చర్మంలా మెరుస్తుంది. మరొకరు బెర్నార్దో దె లెగార్దా. 1734లో ఆయన చెక్కిన రెక్కల మేరీమాత ఈ మఠం ప్రధాన పీఠం మీద ఉంది. నాట్యం చేస్తున్నట్టు నడుము వంచి, పాము తల మీద నిలబడి ఉంటుంది. ఊరి దక్షిణాన పానెసీయో కొండ మీద 1975లో నిలబెట్టిన పెద్ద అల్యూమినియం విగ్రహం ఈ చిన్న బొమ్మకు నకలే. అందరూ కొండ మీది విగ్రహానికి ఫోటోలు తీస్తారు, లోపలి అసలును చూడకుండా బస్సెక్కుతారు. ఇది నాకెప్పుడూ బాధే.

ఈ అరుగు మీదే గైడ్లు కంతున్యా కథ చెబుతారు. కంతున్యా అనే ఆదివాసి మఠం ముందరి అరుగును గడువులోగా కట్టిస్తానని ఒప్పుకుని, పని సాగక, ఆత్మను దయ్యానికి తాకట్టు పెట్టాడట. దయ్యాలు రాత్రికి రాత్రే కట్టేశాయి గానీ ఒక్క రాయి తక్కువైంది కాబట్టి ఒప్పందం చెల్లలేదు, కంతున్యా బతికిపోయాడు. పిల్లలు ఆ రాయి లేని చోటు కోసం అరుగంతా వెతుకుతారు. చక్కటి కథే, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇంత రాయిని కొండ నుంచి మోసుకొచ్చి, చెక్కి, పేర్చినవాళ్లు వేలమంది. వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు, దయ్యం పేరు మిగిలింది. గైడ్లు ఈ కథ చెప్పాక కనీసం ఒక్క వాక్యం ఆ మనుషుల గురించి చెప్పాలని అడుగుతుంటాను. కొందరు చెబుతున్నారు. కూడలి ఫౌంటెన్ల దగ్గర కుండలు నింపుకుని, వీపున కట్టుకుని ఇంటింటికీ నీళ్లు మోసినవాళ్లు కూడా ఆదివాసులే. ఇప్పుడు అదే కూడలి కింద మెట్రో స్టేషను ఉంది. 2023 డిసెంబరు నుంచి జనం అందులోంచి నేరుగా చర్చి ముందుకు వస్తున్నారు.

మళ్లీ ఏడు శిలువల వీధిలోకి వచ్చి దక్షిణంగా దిగితే, వీధికి అడ్డంగా ఒక కమాను వస్తుంది. ఒకవైపు కార్మెన్ ఆల్తో మఠం, మరోవైపు 1565లో పెట్టిన ఆసుపత్రి. నాలుగు వందల ఏళ్లకు పైగా రోగులను చూసి 1974లో మూతపడింది. ఇప్పుడు నగర మ్యూజియం. 1747లో పుట్టిన ఎవుహేనియో ఎస్పెహో ఈ ఆసుపత్రి నీడలోనే పెరిగాడు. తండ్రి ఆదివాసి, ఆసుపత్రిలో పని చేసేవాడు. కొడుకు వైద్యుడయ్యాడు. 1785లో మశూచి మీద గ్రంథం రాశాడు. జబ్బులు వ్యాపించడానికి ఊరి మురికి కారణమని అందులో తెగేసి చెప్పాడు. 1792లో కిటో మొదటి పత్రికను తెచ్చాడు. రాజద్రోహం పేరిట జైల్లో పెడితే, ఆరోగ్యం చెడి 1795లో చనిపోయాడు. ఎస్పెహో చెప్పిన మురికి ఎక్కడుండేదో చూడాలంటే కమాను దాటి ఇంకాస్త కిందికి నడవాలి.

అక్కడ వీధి ఒక్కసారిగా వెడల్పవుతుంది. అదే మే 24 అవెన్యూ, పిచించా యుద్ధపు నూరేళ్ల పండుగకు 1922లో ప్రారంభించారు. దీని అడుగున ఉన్నది ఊరి వాగులన్నిటిలోకీ పేరుమోసిన గండి. హెరుసలేన్ వాగు అని స్పెయిన్‌వాళ్లు పిలిచారు. ఆదివాసులు రాబందుల నది అన్నారు. ఊరి చెత్తంతా అందులో పడేది, రాబందులు దాని మీదే బతికేవి. పాత ఊళ్లో ఇంత విశాలమైన దారి ఎలా వచ్చిందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: వాగు ఎంత వెడల్పో, దారి అంత వెడల్పు. దాని పక్కనున్న లా రోందా సందు మాత్రం వంకర తిరుగుతుంది. ఊరంతా తిన్నటి గీతల్లో ఉంటే ఇదొక్కటి ఎందుకు వంగిందంటే, వాగు గట్టు వెంట నడిచిన కాలిబాటే వీధయ్యింది కాబట్టి. సాయంత్రం ఇక్కడ దాల్చినచెక్క వేసి కాచిన వేడి కనెలాసో తాగకుండా, చక్కెర చల్లిన పెద్ద జున్ను ఎంపనాదా తినకుండా ఎవర్నీ పంపించను.

వాగును పూడిస్తే దారి వస్తుంది, నీరు మాత్రం ఎక్కడికీ పోదు. 2008 మార్చి 31న పాత ఊరి అంచున ఎల్ త్రెబోల్ కూడలిలో రోడ్డు కింద నదిని మోసే కాలువ కూలి, వాహనాలు తిరిగే చోట బ్రహ్మాండమైన గొయ్యి తెరుచుకుంది. 2022 జనవరి 31న పాత ఊరికి ఉత్తరాన లా గాస్కాలో, కొండ మీది గండి నిండి బురద వరద వీధుల్లోకి దిగింది. 28 మంది చనిపోయారు. అదే పేటలో 1975లోనూ అలాంటి వరదే వచ్చింది. ఒక తరం మర్చిపోయిన దాన్ని నీరు గుర్తుపెట్టుకుంది. ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ వానాకాలంలో కొండవైపు చూడకుండా ఉండలేరు.

1978లో ప్రపంచ వారసత్వ జాబితా మొదటిసారి తయారైనప్పుడు అందులో చేరిన 12 చోట్లలో కిటో ఒకటి. నగరాలుగా చేరినవి క్రాకో, కిటో రెండే. చర్చిలకూ ఇళ్లకూ దొరికిన ఆ రక్షణ కిందనున్న నీళ్లకు దొరకలేదు. ఇక్కడి వాగులన్నీ కలిసే మచాంగరా నది మురుగు మోస్తూనే ఉంది. 2008 రాజ్యాంగంలో ప్రకృతికి హక్కులుంటాయని రాసుకున్న మొదటి దేశం ఈక్వెడార్. 2024 జూలైలో, ఈ నది కలుషితం కావడం దాని హక్కుల ఉల్లంఘనేనని కోర్టు తీర్పునిచ్చింది. నగర ప్రభుత్వం అప్పీలు చేసింది. శుద్ధి చేయడానికి ఏళ్లూ డబ్బూ పడతాయి, తెలుసు. అందాకా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. పూడిన వాగులు ఎక్కడెక్కడ సాగుతాయో అక్కడ కాలిబాట రాళ్ల మీద ఒక రంగు గీత గీసి, పేరు చెక్కితే చాలు. సంగూన్యా గీత కేథడ్రల్ వెనక మొదలై సాగ్రారియో కిందుగా వెళ్తే, గైడ్లు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు, ఆ గీత వెంట నడిపిస్తే సరిపోతుంది.